పీత పెట్టుకున్న టోపీ

భీమిలి దగ్గర సముద్రం అడుగున ఓ నల్లరాతి మీద నూకాలత్త ఉండేది. నూకాలత్త స్పాంజి. ఒళ్లు తోముకునే స్పాంజి కాదండోయ్, ప్రాణమున్న జంతువు! నోరుండదు, పొట్ట ఉండదు, గుండె ఉండదు, తల అసలే లేదు. ఒళ్లంతా చిల్లులు. ఆ చిల్లుల్లోంచి నీళ్లు లోపలికి లాక్కుని, అందులోని తిండి నలుసులు వడగట్టుకుని, మిగతా నీళ్లు పైనున్న పెద్ద కంతలోంచి వదిలేస్తుంది. ఊహ తెలిసినప్పట్నుంచీ ఒక్క అడుగు వేసిన పాపాన పోలేదు. మరి తల లేనిది మాట్లాడడమేమిటని అడక్కండి. కథ చెప్పేది నేను.

ఆ ఏడు వానలకి ఏటి బురదంతా సముద్రంలోకి దిగింది. నూకాలత్త చిల్లులు ఒక్కొక్కటే పూడుకుపోతున్నాయి. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే ఊపిరాడక చావడమే. పాపం, భయంతో దారినపోయేవాళ్లందర్నీ పిలుస్తోంది.

అప్పుడే దాలయ్య అనే పీత కత్తెరల్లాంటి డెక్కలాడించుకుంటూ అటొచ్చాడు.

"అల్లుడూ, నీకు పుణ్యముంటుంది. నన్ను అవతలి రాళ్ల దగ్గరికి చేర్చవూ? అక్కడ నీళ్లు తేటగా ఉన్నాయట."

దాలయ్య పగలబడి నవ్వాడు. "నువ్వసలు జంతువువేనా అత్తా? నీకు తలేది, తోకేది? నిన్ను మొయ్యడానికి నాకేం పనీపాటా లేదనుకున్నావా?"

"ఊరికే వద్దులే. ఆ ఆక్టోపస్ నీకోసం తిరుగుతోందటగా?"

దాలయ్య నవ్వు ఆగిపోయింది. పొద్దున్నే దానికి చిక్కి, ఓ కాలు వదిలేసి బయటపడ్డాడు మరి.

"నా ఒంట్లో గాజు ముళ్లుంటాయి. పైగా పరమ చేదు. అది నన్ను నోట పెట్టదు. నాలోంచి ఓ ముక్క కోసుకుని వీపు మీద టోపీలా కప్పుకో, నీ జోలికి రాదు. ఆ తర్వాత నన్ను మోసుకెళ్దువుగాని."

"అలాగే అత్తా, దాందేముంది!" అంటూ దాలయ్య బలంగా ఉన్న ముక్క చూసి డెక్కలతో చకచకా కోశాడు. వెనక కాళ్లతో పట్టి వీపు మీద పెట్టుకున్నాడు.

"వస్తానత్తా! నువ్వు బురద తాగుతూ కూర్చో. టోపీ దొరికాక నీతో నాకేం పని!" అని తన బొరియ దారి పట్టాడు.

పది అడుగులు వేశాడో లేదో, వీపు మీంచి గొంతు వినిపించింది. "అటు కాదల్లుడూ. కుడిపక్కకి తిరుగు."

దాలయ్య ఉలిక్కిపడ్డాడు. "ఎవరది?"

"నేనే, నూకాలత్తని."

"నిన్ను కోసేశాగా!"

"కొయ్యమన్నది నేనేగా? నీలాంటి వాణ్ని ముక్క చేస్తే చస్తావు. నన్నెక్కడ కోసినా ప్రతి ముక్కా నేనే. అక్కడ మిగిలింది పోయినా, ఈ ముక్కలోంచే మళ్లీ పెరిగి పెద్దదాన్నవుతా. సాయం చెయ్యమంటే చేసే రకం కాదు నువ్వు. అందుకే టోపీ అన్నాను."

దాలయ్యకి ఒళ్లు మండిపోయింది. "దిగు! ఇప్పుడే దిగు!"

"దిగడానికి నాకు కాళ్లేవీ? నువ్వే దించు. కాకపోతే ముందు ఆ రాతి కింద చూడు."

రాతి కిందనుంచి ఆక్టోపస్ చెయ్యి మెల్లగా పాకుతూ వచ్చింది. దాలయ్య వీపు తడిమింది. చటుక్కున వెనక్కి పోయింది. దాలయ్యకి పైప్రాణాలు పైనే పోయాయి.

"చూశావుగా? నీ బొరియ దగ్గరా బురదే. అక్కడికి తీసుకెళ్లావంటే నేను చచ్చి, కుళ్లి, నీ వీపు మీంచి ఊడిపోతా. ఆ తర్వాత అది నిన్ను ఒలుచుకు తింటుంది. నీ ఇష్టం మరి."

దాలయ్య కుడిపక్కకి తిరిగి అవతలి రాళ్ల దాకా నడిచాడు. తేటనీళ్లు తగలగానే నూకాలత్త ఒళ్లంతా తెరుచుకుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది!" అంది. "కాస్త ఎడంగా జరుగల్లుడూ, అక్కడ నీళ్లు బాగా పారుతున్నాయి."

దాలయ్య జరిగాడు.

"ఇంకాస్త."

ఏడుపు మొహంతో ఇంకాస్త జరిగాడు.

తల లేదని ఎవర్నైనా వెక్కిరించే ముందు, మన కాళ్లు ఎవరి మాట వింటున్నాయో ఓసారి చూసుకోవాలి.