ప్రిస్కిల్ల పెద్ద ఫిడేలు

అడిగిన ప్రశ్నకు అడిగిన పూటే జవాబు చెప్పే అలవాటు మేషాకు మాస్టారికి లేదు. విని ఊరుకుంటారు. తర్వాత ఎప్పుడో ఒక పని పురమాయిస్తారు. ఆ పని చేసినవాళ్ళు జవాబు తామే వెతుక్కోవాలి. బందరులో ఆయన దగ్గర సంగీతం నేర్చినవాళ్ళకు ఇది అనుభవమే గాని, కోర్టులో టైపిస్టుగా పనిచేసే ప్రిస్కిల్లకు కొత్త.

ఆమె నేర్చుకుంటున్నది డబుల్ బాస్. నిలబెట్టి, ఒంటికి ఆనించుకుని మీటే పెద్ద ఫిడేలు; మనిషి కంటే ఎత్తు, పాట అడుగున నడిచే మంద్రమైన గొంతు. చర్చి క్వయరులో ఏళ్ళ తరబడి దాన్ని మాస్టారే వాయించారు. చేతులకు వణుకు వచ్చాక గోడకు చేరవేశారు. నేర్పమని వచ్చింది ప్రిస్కిల్ల ఒక్కతే. పొట్టి మనిషి, చిన్న చేతులు. ఆ వాద్యం పక్కన ఆమెను చూసి నవ్వని వాళ్ళు లేరు. నవ్వనిచ్చి, పీట వేసుకుని నిలబడింది. టైపు మిషను మీద పరుగులకు అలవాటుపడ్డ వేళ్ళు నిదానానికి ఒక పట్టాన లొంగలేదు. లావుపాటి తీగలు చర్మం లేపేశాయి. బొబ్బలెక్కిన వేళ్ళతోనే పగలంతా టైపు కొట్టి, కోర్టు వదలగానే తిన్నగా మాస్టారింటికి వచ్చేది. చాలించమని తల్లి పోరితే, "మొదలుపెట్టేదాకానేనమ్మా ఆలోచన. పెట్టాక ఇంకేముంది?" అనేది.

క్రిస్మస్ పాటల కచేరీ దగ్గరపడింది. నలుగురి ముందు ఆమె వాయించడం అదే మొదలు. క్వయరు నడిపించే రత్నపాల్ గారికి అది బొత్తిగా ఇష్టం లేదు. "ఈ ఏడు కొత్త మనిషితో తిప్పలెందుకు మాస్టారూ? ఆ పెద్ద ఫిడేలు లేకపోయినా ఎవరికీ తెలియదు. ఉంటే తప్పులే తెలుస్తాయి," అన్నాడు, ఆమె వింటూ ఉండగానే. "వాయిస్తుంది," అన్నారు మాస్టారు, అంతే.

ఇంటికి నడుస్తూ ప్రిస్కిల్ల అడిగేసింది.

"ఆయన మాట నిజమేగా మాస్టారూ! నిన్న సాధనకు మా అమ్మ వచ్చి కూర్చుంది. పాటంతా విని, నువ్వు వాయించావటే అని అడిగింది. ఎవరికీ వినబడనిదానికి నేనెందుకింత చావు చావడం?"

మాస్టారు విన్నారు. ఎదురుగా వస్తున్న రిక్షాకు దారి ఇచ్చి, నడక సాగించారు.

మర్నాడు సాధన మొదలయ్యే ముందు ఆమెను పక్కకు పిలిచి, "రెండో చరణం రాగానే చేతులు దించెయ్. తీగ ముట్టకు. ఈ సంగతి ఎవరితోనూ అనకు," అన్నారు. వెళ్ళి ముందు బెంచీలో కళ్ళు మూసుకు కూర్చున్నారు.

ప్రిస్కిల్ల చెప్పినట్టే చేసింది. అందరికంటే వెనక నిలబడుతుంది గనక ఆమె చేతులు ఎవరూ చూడలేదు. మొదటి రెండు పాదాలూ బాగానే నడిచాయి. మూడోదానికి ఆడవాళ్ళు కొంచెం తొందరపడ్డారు. వాళ్ళను అందుకోవాలని మగవాళ్ళు ఉరికారు. ఫిడేళ్ళు ఎటు పోవాలో తెలియక అటూ ఇటూ అయ్యాయి. చరణం చివరికి అందరూ బస్సు వెనక పరుగెత్తినవాళ్ళలా రొప్పుతున్నారు.

"ముందు మీరే ఉరికారు," అన్నారు మగవాళ్ళు. "మీరు తరిమితే ఉరకమూ?" అన్నారు ఆడవాళ్ళు. రత్నపాల్ గారు అందరినీ కలిపి చీవాట్లు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోమన్నాడు. మాస్టారు కళ్ళు తెరిచి ప్రిస్కిల్లకు తల ఊపారు. ఈసారి ఆమె మీటింది. పాట తొణక్కుండా చివరిదాకా నడిచింది.

"చూశారా! నాలుగు తిడితే గాని మీరు దారికి రారు," అన్నాడు రత్నపాల్ గారు, సంతోషంగా.

నిజం ప్రిస్కిల్ల నోటిదాకా వచ్చింది. మాస్టారి వైపు చూస్తే, ఆయన నవ్వు ఆపుకోలేక తుండుగుడ్డతో మూతి తుడుచుకుంటున్నారు. ఆమె మాట మింగేసింది. ఆ సాయంత్రం మాస్టారింట్లో ఏ ప్రశ్నా వేయలేదు. పీట ఎక్కి, రెండో చరణం మళ్ళీ మళ్ళీ మీటుకుంది.

కచేరీ నాడు చర్చి నిండిపోయి జనం వరండాలో కూడా నిలబడ్డారు. ఆఖరి పాటలో ఒంటరిగా పాడవలసిన చోటు రత్నపాల్ గారి కూతురు హెప్సిబాది. అంత జనాన్ని చూసేసరికి ఆ పిల్ల బెదిరిపోయింది. తాళం వదిలి పాటను పరుగెత్తించింది. తాళం చూపిస్తున్న తండ్రి చెయ్యి ఆమె వెంట పరుగెత్తింది. ఫిడేళ్ళూ ఉరికాయి.

ప్రిస్కిల్ల వేళ్ళు కూడా ఉరకబోయాయి. అది వాటికి చేతనైన విద్య. అందరితో పాటు పోతే తప్పు అందరిదీ. ఆగితే తన ఒక్కదానిదే. రత్నపాల్ గారు వెనక్కి తిరిగి ఉరిమి చూశాడు, త్వరగా అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె పళ్ళు బిగబట్టి తన నడక తాను నడిచింది. కాసేపు పాట రెండుగా చీలినట్టయింది. ఇక అయిపోయింది, పరువు పోయింది అనుకుంది. అయినా వేలు తప్పనీయలేదు. పాత బొబ్బ చితికి తీగ తడిసింది. ముందుగా వెనక వరస మగవాళ్ళు తగ్గారు, తర్వాత ఫిడేళ్ళు. చివరికి హెప్సిబా నిండుగా ఊపిరి తీసుకుని, పాట మీద కుదురుగా నిలబడింది.

పాట ముగిశాక జనమంతా హెప్సిబా చుట్టూ మూగారు. రత్నపాల్ గారు వెళ్తూ వెళ్తూ ప్రిస్కిల్ల దగ్గర ఆగి, "పర్వాలేదమ్మా, అడ్డం రాలేదు," అన్నాడు. ఆమెకు కోపం రావలసింది, నవ్వు వచ్చింది. వేలికి రుమాలు చుట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇంకా ఆ ముందు బెంచీలోనే కూర్చుని ఉన్నారు.

"మీకైనా నేను వినబడ్డానా మాస్టారూ?"

మాస్టారు బెంచీ పట్టుకుని మెల్లగా లేచారు.

"పాట వినబడిందమ్మా," అన్నారు.