ఖాదర్ స్వామి పరుగు

దామోదరానికి నిద్రాహారాలు లేకుండా చేస్తున్నది ఒకటే ప్రశ్న. పదకొండేళ్ల కిందట మూతపడిన తన ‘మిణుగురు’ కెమెరాల కంపెనీని మళ్ళీ తెరవాలా, వద్దా? పాత పనివాళ్ళు అరవైమంది కబురు కోసం కాచుకుని ఉన్నారు. సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్పాలి. బజారు చూస్తేనేమో కిక్కిరిసి ఉంది. పైగా ప్రతివాడి జేబులోనూ ఫోను, ఆ ఫోనులో ఒక కెమెరా.

ఎటూ తేలక, గుట్ట మీది ఆశ్రమంలో ఉండే తన గురువు ఖాదర్ స్వామి దగ్గరికి బయల్దేరాడు. ఉత్త చేతులతో వెళ్ళలేదు. పోటీ కంపెనీల కెమెరాలు ఏడు, కొత్తగా చేయించిన తన కెమెరా ఒకటి సంచీలో వేసుకుని, కూతురికి సారె మోస్తున్నట్టు మెట్లెక్కాడు.

అది ఆశ్రమంలో ఉరుసు పండగ ఆఖరి రోజు. భోజనాలు అయిపోయాయి. వండినవాళ్ళూ, వడ్డించినవాళ్ళూ, అంట్లు తోమినవాళ్ళూ ఫొటో కోసం వరసగా నిలబడుతున్నారు. ఏటా ఆ రోజు వాళ్ళకే ఫొటో. తీసేది స్వామే.

దామోదరం ఎనిమిది కెమెరాలనూ అరుగు మీద పేర్చాడు.

“సామీ, ఈ ఏడింటిలో ఉన్నవన్నీ నా దాంట్లో పెట్టించాను. ఒక్కటీ తక్కువ లేదు. ఇంత పోటీలో నాకు చోటుంటుందా, చెప్పండి.”

“నీ పాతదాంట్లో ఉండేవన్నీ ఉండాయా దీంట్లో?”

“ఆ కిర్రుమనే మీట ఒక్కటే తీసేయించాను సామీ. ఈ ఏడింటిలో ఒక్కదానికీ అది లేదు. పెడితే నవ్వుతారు.”

స్వామి లోపలికి వెళ్ళి, ఎప్పుడో దామోదరమే ఇచ్చిన పాత మిణుగురును తెచ్చి స్టాండు మీద నిలబెట్టాడు. ముందువైపున్న బుల్లి మీటను తిప్పి వదిలాడు. కిర్రుమంటూ అది వెనక్కి తిరగసాగింది. అది ఆగగానే ఫొటో దానంతటదే పడుతుంది; ఆలోగా తీసేవాడు కూడా పోయి వరసలో నిలబడొచ్చు. గట్టిగా పది క్షణాల గడువు.

డెబ్బై ఆరేళ్ల మనిషి లుంగీ ఎగ్గట్టి పరుగు లంకించుకున్నాడు. పోతూ పోతూ దామోదరం చెయ్యి పట్టి లాక్కుపోయాడు. వరసలో చూస్తే సూది మోపే సందు లేదు.

“జరగండప్పా, సామి వస్తా ఉండాడు!” అని వంటామె హుసేనమ్మ అరిచింది. “ఓ రెడ్డప్పా, ఆ పొట్ట లోపలికి పీల్చు!”

ఎవరు ఎటు జరిగారో గానీ ఇద్దరు పట్టేంత చోటు వచ్చింది. దామోదరం చెప్పొకటి దారిలోనే ఊడిపోయింది. కిర్రుమనడం ఆగి టక్కుమంది. అప్పటికే అందరూ పగలబడి నవ్వుతున్నారు, దామోదరం కూడా. ఇరవై ఏళ్లు కెమెరాలు అమ్మిన మనిషి తన కెమెరా ముందు నిలబడడం అదే మొదటిసారి. ప్రాణం హాయిగా ఉంది.

ఆయాసం తీరాక స్వామి, చెప్పు వెతుక్కుంటున్న శిష్యుడి దగ్గరికి వచ్చాడు.

“వరస నిండిపోయింది గదప్పా. మరి మనకు చోటెట్ల దొరికింది?”

దామోదరం చెప్పు చేత్తో పట్టుకునే, “సోమవారం అరవైమందినీ రమ్మంటాను సామీ,” అన్నాడు. తర్వాత అరుగు దగ్గరికి పోయి, ఆ ఏడు కెమెరాలనూ సంచీలో వేసి మూతి బిగించి కట్టాడు. పాత మిణుగురును ఒళ్ళో పెట్టుకుని మీట తిప్పి వదిలాడు. కిర్రుమంది.

వంటింట్లోంచి హుసేనమ్మ కేక వేసింది.

“ఉండండప్పా, నేనూ వస్తాండా!”