జారని బంతి

గుండ్రాల బంతీ, గురిగింజ బంతీ,
నా ఒళ్ళోకి రాకుంటే ఎవరొళ్ళోకి పోతావే…

ఆ పైన ఇంకో చరణం ఉంది. ఎదురెళ్ళడం గురించి ఏదో మాట. జోజమ్మకు అది ఎంత తలచుకున్నా గుర్తు రాదు. చిన్నతనంలో వాకిట్లో గుడ్డబంతి ఆడుతూ పాడిన పాట అది. పెద్దయి, హాస్టల్లో చేరి, మైదానంలో నిలబడ్డాక కూడా బంతి వస్తుంటే లోలోపల ఆ రెండు ముక్కలే పాడుకునేది.

ఆ హాస్టలు కొండకింద కన్యాస్త్రీల మఠానిది. అక్కడి ఆడపిల్లలకు మదర్ అగాతమ్మగారు బేస్‌బాల్ నేర్పేవారు. మన క్రికెట్టుకు దూరపు చుట్టమనుకోండి. ఒకరు బంతి విసురుతారు, ఒకరు కర్రతో బాదుతారు, మిగతావాళ్ళు చేతికి తోలు గ్లౌజు తొడుక్కుని తలో చోట కాపు కాస్తారు. బాదేవాళ్ళకు చప్పట్లు ఎక్కడైనా దొరుకుతాయి. మదర్‌కు మాత్రం కాపు కాసేవాళ్ళంటేనే ముద్దు.

అందుకే ఏటా ఆటల కాలం ముగిశాక ఒక పాత గ్లౌజు బహుమానంగా ఇచ్చేవారు. నూనె రాసీ రాసీ పసుపు రంగుకు తిరిగిన గ్లౌజు. అందరికంటే బాగా కాపు కాసిన పిల్ల చేతికి దాన్ని మదరే స్వయంగా తొడిగేవారు. ఎవరికి దక్కాలో పిల్లలే వరండాలో కూర్చుని వాదించుకోవాలి. కట్టుబాటు ఒక్కటే. ఎవరి గురించి వారు చెప్పుకోకూడదు, ఇంకొకరి తరఫున చెప్పాలి.

ఆ వేసవికి మదర్‌కు ఎక్కడో దూరపు మఠానికి బదిలీ అయింది. అంటే ఆవిడ చేతి మీదుగా ఆ గ్లౌజు దొరికేది అదే ఆఖరుసారి. ఆ చేతులు తన చేతికి దాన్ని తొడగాలని జోజమ్మ ఎన్నాళ్ళ నుంచో ఆశ పెట్టుకుంది.

ఆశకు ఆధారమూ ఉంది. ఆ ఏడంతా ఆమె పేరున ఒక్క తప్పూ పడలేదు. ఆ ఆటలో లెక్క ఎలాగంటే, చేతికందిన బంతి జారిపోతే తప్పు. అసలు చేతికే తగలకుండా దాటిపోతే అది ఎవరి తప్పూ కాదు, కొట్టినవాళ్ళ గొప్ప. జోజమ్మ చేతికి తగిలిందేదీ కింద పడలేదు మరి.

కానీ ఆ మాట తన నోట తను చెప్పుకోరాదాయె. ఇంటి నుంచి వచ్చిన ఉసిరికాయ పచ్చడి సీసా తీసుకెళ్ళి, తన తరఫున మాట్లాడమని పక్క మంచం లూర్దమ్మ పెట్టెలో పెట్టింది. ఏమేం చెప్పాలో, ఎక్కడ ఆగి అందరి వంకా చూడాలో కూడా నేర్పించింది.

ఆ సాయంత్రం జపమయ్యాక వరండాలో వాదన మొదలైంది. సలోమి లేచి, బాదే పిల్ల వెనకాల గొంతుక్కూర్చునే తోమాసమ్మకే ఇవ్వాలంది. మూతికి దెబ్బ తగిలినా బంతిని మాత్రం వదల్లేదని గుర్తు చేసింది. బంతేంటి, అన్నంపళ్ళెం కూడా వదలదుగా అని వెనక నుంచి ఎవరో అన్నారు. తోమాసమ్మే అందరికంటే ముందు నవ్వింది.

లూర్దమ్మ తన వంతు రాగానే గొంతు సవరించుకుని, వల్లెవేసిందంతా తు.చ. తప్పకుండా ఒప్పజెప్పింది. జోజమ్మ చేతిలోంచి ఏడాదిలో ఒక్క బంతైనా జారిందా, జారితే చూసినవాళ్ళు చెప్పండి అంది. ఆగాల్సిన చోట ఆగింది. అందరి వంకా చూసింది.

మాటల్లో ఇన్నమ్మ పేరు కూడా వచ్చింది, అయితే వేళాకోళానికి. ఇన్నమ్మ జోజమ్మకు బాగా వెనగ్గా, ఖాళీ మైదానంలో నిలబడేది. ఆ పిల్ల పేరున పడినన్ని తప్పులు ఇంకెవరి పేరునా లేవు. అవి చేతులా జల్లెడలా అన్నారు. ఇన్నమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వేసింది. ఆమెకు ఒక జడకే రిబ్బను ఉంది. రెండోది ఎక్కడో పారేసుకుని, చిరిగిన కర్టెను పీలిక కట్టుకుంది. అది కూడా ఇవాళ ఊడిపోయింది.

"ఇన్నమ్మ తరఫున చెప్పేవాళ్ళు లేరా?" అని అడిగారు మదర్.

లేరు.

రేపు తేలుద్దామని మదర్ లేచారు. వెళుతూ వెళుతూ లూర్దమ్మ దగ్గర ఆగి, చక్కగా చెప్పావే అని మెచ్చుకున్నారు. ఆ తరువాత మెల్లగా అడిగారు.

"ఉసిరికాయ బాగా ఊరిందా?"

లూర్దమ్మ తల దించుకుంది. పక్కనే ఉన్న జోజమ్మకు చెవులు వేడెక్కాయి. మదర్ మాత్రం ఆమెను కోప్పడలేదు. పొద్దున్నే గ్లౌజు తీసుకుని మైదానానికి రమ్మన్నారు, అంతే.

తెల్లారేసరికి మదర్ అక్కడే ఉన్నారు. బూడిదరంగు చీరకొంగు నడుముకు దోపుకుని, బ్యాటు చేతికర్రలా ఆనించుకుని నిలబడ్డారు. జోజమ్మను ఎప్పుడూ నిలబడే చోటే నిలబడమన్నారు. బంతి కొట్టారు. తిన్నగా వచ్చింది. పట్టుకుంది. ఇంకోటి కొట్టారు. అదీ పట్టుకుంది.

మూడోది పక్కకు వచ్చింది. జోజమ్మ ఓ అడుగు వేసి, అందదని ఆగిపోయింది.

"దాటిపోయింది మదర్."

"దాటిపోయిందాన్ని తెచ్చిపెట్టు తల్లీ."

తేవడానికి వెళ్ళింది. బంతి దూరంగా ఎర్రమట్టిలో ఆగి ఉంది. దాని పక్కనే నేల మీద పొడుగ్గా ఒక గీత, ఎవరో బోర్లా పడి జారిపోయినట్టు. ఆవో గేదో పొర్లి ఉంటుందనుకుని బంతి తెచ్చి ఇచ్చింది.

మళ్ళీ పక్కకే కొట్టారు, ఈసారి అటువైపు. మళ్ళీ దాటిపోయింది. మళ్ళీ వెళ్ళింది. అక్కడా ఒక గీత. పక్కన రెండు చిన్న గుంటలు, మోకాళ్ళు దిగబడినట్టు. ఆ పక్కన ఇంకో గీత. తను నిలబడే చోటు నుంచి చూస్తే ఇవేవీ కనబడవు. బంతి దాటిపోయాక జోజమ్మ ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఒక గీత చివర మట్టిలో సగం కూరుకుపోయి ఏదో పీలిక కనబడింది. వంగి తీసింది. కర్టెను గుడ్డ.

జోజమ్మ దాని మట్టి దులిపి బొడ్లో దోపుకుంది. నిన్న అందరితో కలిసి తనూ నవ్వింది కదా. ఆ పిల్ల పేరున పడిన తప్పులన్నీ ఎక్కడి నుంచి వచ్చిన బంతులో ఆ నేల మీదే కనబడుతోంది. తను అందవని వదిలేసినవి. ఇన్నమ్మకు అంతకంటే దూరంలో ఉన్నవి.

జోజమ్మ వచ్చి తన చోట నిలబడ్డాక మదర్ మళ్ళీ బ్యాటు ఎత్తారు.

ఈసారి బంతి మరీ దూరంగా వచ్చింది. జోజమ్మ పరిగెత్తింది. అందదని తెలిసే దూకింది. గ్లౌజు కొసకు తగిలింది బంతి, తగిలి, జారి, దొర్లిపోయింది. మోకాలు దోక్కుపోయి నెత్తురొచ్చింది. నొప్పికో, సిగ్గుకో, ఆ మట్టిలోనే కూర్చుని ఏడ్చింది.

మదర్ నెమ్మదిగా నడిచి వచ్చారు. కొంగు కొస తడిపి, మోకాలు పట్టుకుని మట్టి అద్ది తీశారు.

"జారిపోయింది మదర్."

"ఊఁ. జారింది," అన్నారావిడ. బిడ్డకు తొలి పన్ను వచ్చిందని చెప్పినట్టు చెప్పారు.

ఆ సాయంత్రం వరండాలో ఇంకా ఎవరైనా చెప్పేది ఉందా అని అడిగితే, జోజమ్మ కుంటుకుంటూ లేచింది. పాఠం ఏమీ అప్పజెప్పలేదు. గుప్పిట్లోని పీలిక ఇన్నమ్మ చేతిలో పెట్టి, మదర్ వైపు తిరిగింది.

"నేను వదిలేసినవాటి వెంట ఏడాదంతా ఈ పిల్లే పరిగెత్తింది మదర్. దీనికే ఇవ్వండి."

వెనక నుంచి లూర్దమ్మ గొంతు ఒకటి వినబడింది, అయితే ఆ సీసా తిరిగివ్వాలా, సగమయిపోయిందే అని. వరండా అంతా నవ్వులు. ఆ నవ్వుల మధ్యే మదర్ పసుపు గ్లౌజును ఇన్నమ్మ చేతికి తొడిగారు. అది ఆ పిల్ల చేతికి మరీ పెద్దది. ఇన్నమ్మ దాన్ని మొహానికి ఆనించుకుని వాసన చూసింది.

జోజమ్మ మదర్ చేతుల్నే చూస్తూ కూర్చుంది. ఆశ చావలేదు, అబద్ధమెందుకు. కానీ మోకాలి మీద ఆ తడికొంగు చల్లదనం ఇంకా ఉన్నట్టే ఉంది.

తరువాత పరీక్షలొచ్చాయి, మైదానం ఖాళీ అయింది. మామిడిపళ్ళ కాలానికి మదర్ బయలుదేరారు. మఠం జీపులో ఓ ట్రంకుపెట్టె, ఓ పరుపుచుట్ట, అంతే సామాను. పిల్లలంతా గేటు దగ్గర వరసగా నిలబడ్డారు. ఆవిడ ఒక్కొక్కరి తల మీదా చెయ్యి పెట్టి, నుదుట వేలితో సిలువ గుర్తు వేస్తూ వచ్చారు. తోమాసమ్మను పళ్ళెం వదలమన్నారు. ఇన్నమ్మ రెండు జడలకూ కొత్త రిబ్బన్లు ఉన్నాయా లేదా అని చూశారు.

జీపు ఎక్కి కూర్చున్నాక జోజమ్మను దగ్గరకు పిలిచి, మోకాలేదీ అన్నారు.

జోజమ్మ కుచ్చిళ్ళ పరికిణీ కాస్త పైకెత్తి చూపించింది. ఆవిడ దిగులు పడకుండా వెళ్ళాలని, పూర్తిగా తగ్గిపోయింది మదర్, చూడండి మచ్చ కూడా లేదు, అని నవ్వుతూ చెప్పింది.

మదర్ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. కొత్త దెబ్బ ఏదైనా ఉందేమోనని వెతుకుతున్నట్టు, బొటనవేలితో ఆ నున్నటి చర్మం ఒకసారి తడిమారు. డ్రైవరు బండి కదిలించాడు.

"అప్పుడే మానిపోయిందా, జోజీ?"