రాకెట్‌లో చోటు అమ్మినవాడు

హైదరాబాదులోని ఒక ప్రైవేటు రాకెట్ కంపెనీలో, ఎదుటివాళ్ళ మాట పూర్తికాకముందే "అయిపోతుంది" అనేసే ఫణీంద్ర అనే ఉద్యోగి ఉండేవాడు. ఉపగ్రహాలు తయారుచేసుకున్నవాళ్ళను వెతికి పట్టుకుని, తమ రాకెట్‌లోనే పంపేలా ఒప్పించడం అతని పని. అరచేతిలో వైకుంఠం చూపించడంలో అతని తర్వాతే ఎవరైనా!

ఒకరోజు భీమిలి నుంచి నూకరత్నం అనే ఇంజనీరు వచ్చింది. స్వీట్ల డబ్బా అంత ఉపగ్రహం చేసింది ఆమె.

"మాది చేపల వేటకెళ్ళే కుటుంబం సార్. పోయిన తుఫానులో మా బాబాయి పడవ ఎటు కొట్టుకుపోయిందో తెలీలేదు. ఆయన ఇక తిరిగి రాలేదు. పడవలు పంపే సంకేతాలను ఇది పట్టుకుంటుంది. కానీ గంటన్నర రెండు గంటలకోసారైనా మన సముద్రం మీదుగా వెళ్ళాలి. వెళ్తుందా?"

"అయిపోతుందమ్మా!" అన్నాడు ఫణీంద్ర.

అయ్యేది కాదు, నా మొహం! చోటు ఖాళీగా ఉన్న రాకెట్ ఒక పెద్ద ఉపగ్రహం కోసం ధ్రువాల మీదుగా తిరిగే దారి పట్టబోతోంది. షేర్ ఆటో ఎక్కి మా వీధిలోకి తిప్పమంటే తిప్పుతారా? ఆ దారిలో పోతే ఈ చిన్నది మన సముద్రం మీదికి పూటకోసారి వస్తే గొప్ప. ఆ సంగతి ఫణీంద్రకు తెలుసు. సంతకం అయ్యాక చూసుకుందాంలే అనుకున్నాడు.

ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉండేది. ఉపగ్రహాలతో కొత్తగా వచ్చినవాళ్ళను ఏదో ఒక ప్రయోగం చూడటానికి పిలిచేవారు. రాకెట్ ఎగరగానే, ఆ ఊపులోనే ఒప్పందం ముందు పెట్టేవారు. కళ్ళారా చూశాక కాదనే మనిషి పుట్టలేదు మరి! అలా నూకరత్నాన్ని తీసుకుని ఫణీంద్ర, అతని పై అధికారి వసుంధర గారు సముద్రపు ఒడ్డుకు వెళ్ళారు. ఇన్నాళ్ళూ చోటు అమ్మాడే గానీ, రాకెట్ ఎగరడం చూడటం ఫణీంద్రకూ అదే మొదటిసారి.

ముందు వెలుగు వచ్చింది. చప్పుడు లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండే వెలవెలబోయింది. అప్పుడు వచ్చింది చప్పుడు! కాళ్ళకింద ఇసుక వణికింది, గుండెలు అదిరాయి. అంత బరువూ నిప్పుల మీద నిలబడి, మెల్లగా, నిటారుగా పైకి లేచింది. "అమ్మో!" అన్నాడు ఫణీంద్ర. పక్కన ఏళ్ళ తరబడి దాని కోసం కష్టపడిన ఇంజనీర్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఇంత గొప్పదాని పేరు చెప్పి అబద్ధమాడానా అని అతనికి సిగ్గేసింది.

నూకరత్నం ఏడుస్తూ దణ్ణం పెట్టింది. "ఇక మావాళ్ళు తప్పిపోరు కదా సార్!" అంటూ పెన్ను తీసుకుంది.

"ఆగమ్మా," అన్నాడు ఫణీంద్ర. "నేను అబద్ధం చెప్పాను. ఈ దారిలో మీ పని కాదు. భూమధ్యరేఖకు దగ్గరగా తిరిగే దారి కావాలి. అటు వెళ్ళే రాకెట్ మాకిప్పుడు లేదు."

"నీకేమైనా మతిపోయిందా?" అన్నారు వసుంధర గారు.

"ఊరంతటికీ చెప్పేశాను సార్. అయిపోతుందని ఎలా అనగలిగారు?" అంది నూకరత్నం. పెన్ను పెట్టేసి వెళ్ళిపోయింది. ఫణీంద్రకు రావలసిన ప్రమోషన్ కాస్తా హుళక్కి అయింది.

చాలాకాలానికి భూమధ్యరేఖ దారిన వెళ్ళే రాకెట్ కంపెనీకి కుదిరింది. ఫణీంద్రే భయపడుతూ నూకరత్నానికి ఫోన్ చేశాడు.

"మీ తర్వాత ఎంతోమందిని అడిగాను సార్," అంది ఆమె. "అందరూ అవుతుందనే అన్నారు, తీరా చూస్తే అన్నీ ధ్రువాల దారివే. కాదని చెప్పింది మీరొక్కరే. అందుకే మీ మాట మీదే పంపుతాను."

ఉపగ్రహం పైకి వెళ్ళింది. ఆ ఏటి తుఫానులో కొట్టుకుపోయిన పడవల జాడ దానివల్లే తెలిసింది. అందరూ ఒడ్డు చేరారు.

నీతి: కొండంత ఆశతో వచ్చినవాళ్ళకు, కానిదాన్ని కాదని ముందే చెప్పడమే అసలైన సాయం.