వినిపించకూడని పేరు

ఒక రాజ్యంలో మనుషులకి పేర్లు తీసేసి బిళ్ళలిచ్చారు. పేర్లు పొడుగు, పిలవాలంటే నోరు నొప్పి అన్నాడు రాజు. ఇత్తడి బిళ్ళ మీద అంకె ఉంటుంది, దాన్ని మెడలో వేసుకోవాలి. రాజ్యం మొత్తంలో బిళ్ళ లేని మెడ రాజుగారిదొక్కటే.

జనం అలవాటు పడ్డారు. జనానికి అలవాటు పడటం ఎంతసేపు? తల్లులు కూడా పిల్లల్ని అన్నానికి అంకెలతోనే పిలిచారు.

ఆ రాజ్యంలో ఒకామె సినిమా తీసింది. జుట్టు నెరిసేదాకా ఆ ఒక్క సినిమానే తీసింది. అది రాబోయే కాలపు కథ. అందులో ఒక ఇనప నగరం, నగరం నడిమధ్య ఒంటికన్ను బురుజు. దారినపోయే ప్రతి మనిషినీ బురుజు "ఎవరు నువ్వు?" అని అడుగుతుంది. వాళ్ళు అంకె చెప్పి తలొంచుకు పోతారు. చివర్లో ఒక స్త్రీ తల ఎత్తి తన పేరు చెబుతుంది. ఆ పేరు నేనిక్కడ రాయకూడదు, రాజాజ్ఞ.

మొదటి ఆటకి హాలు నిండింది. రాజు కూడా వచ్చి, బురుజు భలే ఉందని మెచ్చుకున్నాడు. జనం ఇనప నగరం వాళ్ళని చూసి పడీ పడీ నవ్వారు. "పాపం, వీళ్ళకి పేర్లు కూడా లేవంట" అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. నవ్వినప్పుడల్లా మెడల్లో బిళ్ళలు గలగలమన్నాయి. గురివింద తన నలుపెరగదని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ స్త్రీ తన పేరు చెప్పినప్పుడు మాత్రం గలగల ఆగిపోయింది. మర్నాటికి ఆ పేరు కూరగాయల బజారులో వినిపించింది.

రాజు సినిమా తీసినామెని పిలిపించాడు.

"ఆ పేరు తీసెయ్. రేపటి ఆటలో అది నా చెవిన పడిందా, నీ రీళ్ళు పొయ్యిలోకి పోతాయి."

"పేరొక్కటేనా ప్రభూ?"

"పేరొక్కటే. బురుజు జోలికి పోకు. అది బాగుంది."

ఆమె ఇంటికి వెళ్ళి కరువుతీరా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని చెప్పినట్టే చేసింది. మాట తీసేసింది, మనిషిని ఉంచింది.

రెండో ఆటకి రాజు ముందు వరసలో కూర్చున్నాడు. ఆమె తలుపు దగ్గర నిలబడింది. తెర మీద బురుజు అడిగింది, "ఎవరు నువ్వు?" స్త్రీ తల ఎత్తింది. పెదవులు కదిలాయి. చప్పుడు లేదు.

ఆ చప్పుడు లేని చోటు జనానికి భరించరానిదైంది. అడిగినవాళ్ళకి జవాబు చెప్పకపోతే ఎట్లా? నేల టిక్కెట్లలోంచి ఒక ముసలామె లేచి నిలబడింది.

"తుమ్మలచర్ల బాలకోటమ్మని" అంది. ఆ మాట అని ఎన్నేళ్ళయిందో.

"షేక్ నాగూర్‌వలిని" అన్నాడు పక్కనున్నాయన.

"కట్టెపోగు ఏసమ్మని. మా నాయనమ్మ పేరు పెట్టారు నాకు."

"గోనుగుంట ఎల్లమందని."

ఇంక ఆగలేదు. ఇంటిపేర్లతో సహా హాలంతా లేచి చెప్పింది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. రాజుగారి మందుకి ఎప్పుడో ఊడిన నాలుకలన్నీ తిరిగి మొలిచాయి. ఆ జనాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది, ఆ మాట దాచుకోను.

రాజు ఆమె వైపు తిరిగాడు. "నేనేం చెప్పాను?"

"ఆ పేరు వినిపించకూడదన్నారు ప్రభూ." ఆమె తల ఎత్తే చెప్పింది. "ఇన్ని పేర్లలో అదొక్కటే వినిపించలేదు."

రాజు కదా, ఆడిన మాట తప్పలేకపోయాడు. రీళ్ళు మిగిలాయి.

బిళ్ళలు ఇంకా మెడల్లోనే ఉన్నాయి. సినిమా కూడా ఇంకా ఆడుతూనే ఉంది. జనం ఇప్పుడు చూడటానికి కాదు, చెప్పటానికి వస్తారు.

ఒకరోజు ఆట మొదలయ్యాక, ముఖం మీదికి కండువా లాక్కున్న ఒకాయన వచ్చి నేల మీద ఎల్లమంద పక్కన కూర్చున్నాడు. బురుజు అడిగింది. అందరూ చెప్పారు. ఆయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, ఎప్పుడో చిన్నప్పుడు అమ్మ పిలిచిన పేరులాంటిదేదో గొణిగాడు.

ఎల్లమంద ఆయన మెడ వైపు చూశాడు. బిళ్ళ లేదు. కాస్త జరిగి చోటిచ్చాడు.

"వినపళ్ళేదయ్యా" అన్నాడు. "ఇంకొంచెం గట్టిగా చెప్పు."