లైను తెగిన రోజు

ఓబులేసు క్లాసులోకి వచ్చాడు గానీ కూర్చోలేదు. గోడకి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

డేటాబేసులు నేర్పే రసూల్ సారు దగ్గర అతనే చురుకైన శిష్యుడు. మూడు ఊళ్ల బ్లడ్‌బ్యాంకుల నిల్వలకి కలిపి ఒకే లెక్క చూపే కంప్యూటర్ ప్రోగ్రాం తయారుచేసింది అతనే. లెక్కంతా ఒక్కచోట పెడితే, అది ఆగిన రోజు మూడూ ఆగిపోతాయి. అందుకని ప్రతి ఊళ్లో ఒక కాపీ పెట్టాడు. ఎక్కడ రక్తం ప్యాకెట్ తీసినా మిగతా రెండు కాపీల్లోనూ తగ్గుతుంది.

"ఊళ్ల మధ్య నెట్ లైను తెగినా నాది ఆగదు. ఎప్పుడడిగినా జవాబు చెప్తాది" అని కనపడినోళ్లకల్లా చెప్పుకున్నాడు.

మొన్న గాలివానకి లైను తెగింది. పక్క ఊళ్లో ఆఖరి ఓ-నెగటివ్ రక్తం ప్యాకెట్ ఎవరికో ఎక్కించేశారు. ఆ సంగతి ఇక్కడికి చేరలేదు. ఇక్కడి కంప్యూటర్ మాత్రం, అక్కడ ఒకటుందనే చూపించింది.

అది నమ్మి కుళ్లాయప్ప అనే ఆయన, కాన్పు కష్టమైన భార్య కోసం, ఐసుపెట్టె ఒళ్లో పెట్టుకుని వానలో ఆటోలో పోయాడు. ఖాళీ పెట్టెతో తిరిగొచ్చాడు. ఆస్పత్రి వాచ్‌మన్‌ది అదే గ్రూపు, అతను రక్తమిచ్చాడు కాబట్టి ఆమె బతికింది.

కుళ్లాయప్ప తిట్టి ఉంటే బాగుండేది. "ఉందన్నారు గదా నాయనా" అని మాత్రం అన్నాడు. ఓబులేసుకి ఆ మాట చెవిలోంచి పోవట్లేదు.

"లైను తెగితే నేనేం చేసేది సార్?" అన్నాడు. "ప్రోగ్రాంలో తప్పు లేదు. దానికి చేరిన లెక్కే అది చెప్పింది."

సారు లోపలి గది వైపు చూశాడు.

"లోపల కుండలో నీళ్లున్నాయేమిరా?"

"నిండా ఉన్నాయి సార్. పొద్దున నేనే పోసినా."

సారు చేతికర్ర అందుకున్నాడు. ఆయనకి మోకాళ్లు పట్టేసి లేవడమే కష్టం.

"నేను తెస్తా సార్."

"ఉండు."

గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ లోపలికి పోయాడు. అట్లాగే తిరిగొచ్చి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"చుక్క లేదు. పొద్దున బ్యాచీవోళ్లు తాగేసినట్టుండారు."

"అప్పుడు నేనిక్కడ లేను గదా సార్. నాకేం తెలుసు?"

సారు కుర్చీలో కూలబడి మోకాలు రుద్దుకున్నాడు.

"ఆ మాట ముందే చెప్పుంటే, నేను పోయుండను గదరా."