రాజుగారు వద్దన్న గాజుల వరహాలు

ఏమర్రా, అందరూ కాళ్ళు కడుక్కుని వచ్చారా? శేషూ, ఆ దుప్పటంతా నువ్వే చుట్టుకోకు, చెల్లి లల్లికి కూడా కప్పు. ఇవాళ చెప్పబోయేది అల్లాటప్పా కథ కాదు. ఈ కథ మధ్యలో నిద్రపోయినవాడు ఇంతవరకూ భూమ్మీద పుట్టలేదు. మీ అమ్మ చిన్నప్పుడు ఈ కథ వింటూ ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయింది. తెల్లారి చూస్తే ఆ ముద్ద ఇంకా బుగ్గలోనే ఉంది. నాలాగా ఈ కథ చెప్పేవాళ్ళు ఏడు పరగణాల్లో లేరు. అందుకని గట్టిగా ఊ కొట్టండి. ఊ ఆగితే కథా ఆగుతుంది.

అనగనగనగా, మీ ముత్తాతకి ముత్తాత ఇంకా గోచీ కట్టడం కూడా నేర్వని రోజుల్లో, గవ్వలపేట అని ఓ ఊరు. ఆ ఊళ్ళో వరహాలని ఓ కోడలుపిల్ల. గాజులమ్ముకునేది. మలారం అంటే తెలుసునా మీకు? తాళ్ళకి గుత్తులు గుత్తులుగా గాజులు గుచ్చి భుజాన వేసుకునే మోత. ఎర్ర గాజులు, పచ్చ గాజులు, చిలకాకుపచ్చ గాజులు, చుక్కల గాజులు, చమ్కీ గాజులు, అన్నీ కలిపి ఏనుగుపిల్లంత బరువు. వరహాలు దాన్ని పమిటలాగా భుజాన పడేసుకుని ఊరంతా తిరిగేది.

“గాజులమ్మా గాజులు!” అని ఒక్క కేక వేసిందంటే మూడు వీధుల అవతల పొయ్యి మీద పాలు పొంగేవి. చెరువులో గేదెలు తలలెత్తి చూసేవి. ఆడవాళ్ళు చేతిలో చేట కింద పడేసి పరుగెత్తుకొచ్చేవాళ్ళు.

మరి ఆ గాజులు తొడిగే తీరు చూడాలర్రా! ఎదుటి మనిషి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకునేది. బొటనవేలు లోపలికి మడిచేది. మెత్తగా పిసికేది. పిసుకుతూ ఓ మాట, మాటతో ఓ ఒత్తు, ఒత్తుతో ఓ గాజు. “మీ గేదె ఈనిందా అక్కా?” అనేది. గాజు వేళ్ళు దాటేది. “పెయ్యా, దున్నా?” అనేది. గాజు కణుపు దాటేది. “పెయ్యేనే పిల్లా” అని ఆవిడ జవాబు చెప్పేసరికి గాజు మణికట్టు మీద కూర్చుని ఘల్లుమనేది. అంతే. నొప్పీ లేదు, చిట్లడమూ లేదు. ఊ కొడుతున్నారా?

అలాంటి వరహాలుకి కష్టం వచ్చింది. బజారు మొదట్లో గవర్రాజు అని ఒకాయన గాజుల కొట్టు పెట్టాడు. కొట్టంటే కొట్టా! గోడలకి అద్దాలు, కప్పుకి అద్దాలు. లోపలికి ఒక్క మనిషి వెళ్తే నూరుమంది వచ్చినట్టుండేది. ఆడవాళ్ళు ఆ అద్దాల్లో తమని తాము చూసుకోవడానికే వెళ్ళి, వెళ్ళాం కదా అని గాజులు కొనుక్కుని, తమ చేతికి తామే తొడుక్కుని వచ్చేవాళ్ళు.

వరహాలు కేకకి తలుపులు తెరుచుకోవడం తగ్గింది. తగ్గేకొద్దీ కేక చిన్నదైంది. ఎప్పుడైనా ఎవరైనా పిలిచి చెయ్యి చాపినా, ఈ పిల్ల బెంగతో నోరు మెదిపేది కాదు. తలవంచుకుని పిసికేది, తలవంచుకుని ఒత్తేది. టప్! గాజు చిట్లేది. ఇంకోటి తీసేది. టప్! ఎదుటి మనిషి “అబ్బా” అనేది. రానురాను వరహాలుకి ఒకటే దిగులు పట్టుకుంది. నా చెయ్యి పోయింది, నా చేతిలో పనితనం పోయింది, ఇంక నేను దేనికీ పనికిరాను అని.

ఇంట్లో అత్తగారు సూరమ్మ ఉంది కదా, ఆవిడ ఊరుకుంటుందా? “చెప్పానా లేదా? గాజులు తొడగమంటే గేదెల యోగక్షేమాలడిగితివి. అతను చూడు, గవర్రాజు, పెదవి విప్పకుండా ఎంత వ్యాపారం చేస్తున్నాడో! నీ నోరే నీ వ్యాపారాన్ని తినేసింది” అని పొద్దున ఓసారి, అన్నాల వేళ ఓసారి, దీపాల వేళ ఓసారి దులిపేది. ఏమో, నిజమేనేమో అనుకునేది వరహాలు.

గవర్రాజు చెడ్డవాడేం కాదర్రా, వ్యాపారస్థుడు. ఓరోజు ఇంటికే వచ్చాడు. ఎందుకమ్మా ఎండన పడి ఈ మోత, మలారం నాకిచ్చెయ్యి, మంచి ధరే కట్టిస్తాను, హాయిగా ఇంటిపట్టున ఉండు అన్నాడు.

సరిగ్గా అప్పుడే దండోరా వచ్చింది. ఆ దండోరా సంగతి చెబితే మీరు నమ్మరు. డప్పు లేదు, కేక లేదు. వీధి మధ్యలో ఓ మనిషి నిలబడి చేతులతో సైగలు చేస్తున్నాడు! ఎందుకంటారా? ఆ రాజ్యాన్నేలే సద్దుమణి మహారాజుకి చప్పుడంటే గిట్టదు. ఆయన చెవులు ఎంతెంతవి అనుకున్నారు? చేటలంత! చీమ తుమ్మినా ఉలిక్కిపడేవాడు. ఆ కోటలో ఈగలు ఎగరకూడదు, గోడ పట్టుకుని నడిచి వెళ్ళాలి. ఆవాలు చిటపటమంటాయని పప్పులో తాలింపు కూడా ఉండేది కాదు. అన్ని మేడలున్న మహారాజు, తాలింపు లేని పప్పు తిని బతికాడర్రా పాపం!

సైగల మనిషి చెప్పిన కబురేమిటంటే, కోటలో రాణిగారికి గాజులు తొడిగే మనిషి కావాలిట. ఉండడానికి ఇల్లు, కట్టడానికి చీరలు, ఏడాదికి సరిపడా ధాన్యం ఇస్తారట. సూరమ్మ ఎగిరి గంతేసింది. పోవే, పోయి ఆ ఉద్యోగం పట్టు, నోరు మాత్రం ఇంట్లో గూట్లో పెట్టి మరీ పో అంది.

వరహాలు గవర్రాజుకి కబురు పెట్టింది. రేపు సాయంత్రం వచ్చి మలారం పట్టుకెళ్ళండి, ఉద్యోగం వస్తే నాకది అక్కర్లేదు, రాకపోతే చెయ్యి పోయిన మనిషికి అసలే అక్కర్లేదు అని. చూశారా, ఎటు చూసినా మలారం వదులుకోవడానికే సిద్ధపడింది. పెళ్ళైన కొత్తలో భుజానికెత్తుకున్న మోత. ఆ రాత్రి దాని పక్కనే పడుకుందిట, చంటిబిడ్డ పక్కన పడుకున్నట్టు.

మర్నాడు కోటకి వెళ్ళింది. ఎన్ని ద్వారాలనుకున్నారు! మొదటి ద్వారంలో లోపలికెళ్ళిన కుర్రాడికి చివరి ద్వారం దాటేసరికి మీసాలు మొలుచుకొచ్చేవిట. దివానుగారు ఎదురొచ్చాడు. గుసగుసగా చెప్పాడు. రాణిగారి తమ్ముడి పెళ్ళి. పుట్టింటికి బోడి చేతులతో వెళ్ళనని ఆవిడ పట్టుబట్టింది. సరే, గాజుకి గాజుకి మధ్య దూది పెడితే తొడుక్కోవచ్చని రాజుగారు ఒప్పుకున్నారు. తొడగాలి, మాట్లాడకూడదు. పని నచ్చితే ఉద్యోగం నీదే అన్నాడు.

రాణిగారు చెయ్యి చాపింది. చెయ్యా అది? పనసపండు! బొద్దుగా, గట్టిగా, బిగదీసుకుని ఉంది. వరహాలు నోరు కట్టేసుకుని పిసికింది. ఒత్తింది. టప్! ఇంకో గాజు తీసింది. టప్! రాణిగారు మొహం చిట్లించింది. దివానుగారు కళ్ళురిమాడు. వరహాలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయిపోయింది, నా చెయ్యి నిజంగానే పోయింది అనుకుంది.

ఆ నీళ్ళలోంచే చూసింది, రాణిగారి మణికట్టు పైన చిన్న మచ్చ. కాలిన మచ్చ. అంతే, గూట్లో పెట్టి వచ్చిన నోరు ఎలా పరుగెత్తుకొచ్చిందో ఏమో!

“అయ్యో, ఇదేంటమ్మా? నూనె చిందిందా?”

దివానుగారు కొయ్యబారిపోయాడు. రాణిగారు అటూ ఇటూ చూసింది. ఆ కోటలో అడుగుపెట్టాక ఆవిణ్ణి ఓ మాట అడిగిన మనిషి లేదు మరి. చిన్నగా పెదవి కదిపింది.

“గారెలు.”

“పిండి గట్టిగా రుబ్బారా, జారుగానా?” ఒక గాజు వేళ్ళు దాటింది.

“జారుగా. నూనెలో వేస్తే కాళ్ళొచ్చాయే పిల్లా!” గాజు కణుపు దాటింది.

“అమ్మగారు తిట్టలేదా?”

“అమ్మ తిట్టేలోపు మా నాయనమ్మ అన్నీ తినేసింది. తిని, ఇవి గారెలు కావే, ఎండ్రకాయలు అంది!”

అని రాణిగారు నవ్వింది చూడండి! ముందు కిసుక్కున నవ్వింది, తరవాత పకపకా నవ్వింది, ఆ తరవాత కడుపు పట్టుకుని నవ్వింది. చెయ్యి వెన్నముద్దయిపోయింది. వరహాలు అడుగుతోంది, రాణి చెబుతోంది, గాజులు ఎక్కుతున్నాయి. దూది పెట్టడం ఎవరికి గుర్తుంది? ఈ చెయ్యి నిండింది, ఆ చెయ్యి నిండింది. ఘల్లు ఘల్లు ఘల్లు! పై మేడలో రాజుగారు ఉయ్యాల మంచం మీంచి దబ్బున కింద పడ్డాడు. ఆ అదురుకి కోట గోడ మీద పావురాలు లేచిపోయి మళ్ళీ పొరుగు రాజ్యంలో వాలాయట. ఊ అనండర్రా, ఊ!

దివానుగారు వరహాల్ని గుమ్మం బయటికి తీసుకొచ్చాడు. చెప్పాల్సింది చెప్పాడు. “నువ్వొద్దు, పో” అన్నాడు. పెద్ద తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

ఆ పిల్ల దారి పొడుగునా ఏడ్చింది. ఆ కన్నీళ్ళకి పక్కన ఎండిపోతున్న బెండతోట చిగురేసింది. ఉద్యోగం పోయినందుక్కాదు అంత ఏడుపు. రాజుగారి కోటలో కూడా నువ్వొద్దన్నారే, ఇంక నేనెవరికి కావాలి అని. ఇంటికెళ్తే అత్తగారు అడుగుతుంది. ఏమన్నారే, ఉన్నదున్నట్టు చెప్పు అంటుంది. పోనీ ముందే వల్లె వేసుకుందామని ఓ తూము గట్టు మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుని, పైకే అనుకుంది.

“అత్తా, దివానుగారు ఇలా అన్నారు. గాజులెక్కించావు, కాదనను. పగలకుండా రెండు చేతులూ నింపావు. రాణిగారు ఇన్నాళ్ళకి నవ్వారు, అదీ చూశాను. కానీ నీ నోరాగదు. నోరాగని మనిషి మాకొద్దు...”

అని ఆగిపోయింది. మళ్ళీ మొదటినించి అంది. గాజులెక్కించావు. రెండు చేతులూ నింపావు. ఆ మాటలు ఆయన నోట్లోంచి వచ్చినప్పుడు వినపడనే లేదు! వద్దు అన్నదొక్కటే చెవిలో పడింది. తన చేతుల్ని తిప్పి చూసుకుంది. నోరు మూసుకున్నంతసేపూ టప్, టప్. నోరు తెరిచాక ఒక్కటంటే ఒక్కటి చిట్లలేదు. ఊళ్ళో మాత్రం? బెంగతో నోరు మూతపడ్డాకనే కదా చిట్లడం మొదలైంది! అయితే పోయింది చెయ్యి కాదు. వాళ్ళు ఏది వద్దన్నారో అదే, సరిగ్గా అదే తన వ్యాపారం. మాట లేకుండా గాజులు కావాలంటే గవర్రాజు అద్దాలున్నాయి. మాటతో గాజులు కావాలంటే ఎక్కడికి వెళ్తారు?

వరహాలు లేచింది. నడవలేదర్రా, ఎగిరింది. గాలి ఆ పిల్ల వెనక పడి అందుకోలేక రొప్పింది.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద గవర్రాజు కూర్చుని ఉన్నాడు. వాకిట్లో బండి. గుమ్మంలో సూరమ్మ.

“ఏమైందే?” అంది సూరమ్మ.

“వద్దన్నారత్తా!” అంది వరహాలు, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతూ.

“ఓసి నీ మొహం మండా, పెళ్ళి కుదిరినట్టు చెబుతావేమే! ఎందుకొద్దన్నారు?”

“నోరాగదని.”

“నే చెప్పలా!”

గవర్రాజు పాపం మెత్తగానే అన్నాడు. “పోనీలే వరహాలూ, బాధపడకు. మలారం బండిలో పెట్టించనా మరి?”

“వద్దండీ. మాట ఇచ్చి తప్పుతున్నాను, ఏమీ అనుకోకండి. మీ కొట్టు మీకుంది, నా నోరు నాకుంది” అని మలారం భుజాన వేసుకుంది. వీధి మధ్యకి వెళ్ళి నిలబడింది. గొంతు సవరించుకుంది. ఇంక చూస్కోండి!

“గాజులమ్మా గాజులు! రాజుగారు వద్దన్న నోరమ్మా! రాణిగారు మెచ్చిన చెయ్యమ్మా! గాజులోయ్ గాజులు!”

ఆ కేకకి ఊళ్ళో మూడు తాటాకు కప్పులు పైకి లేచి మళ్ళీ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. తలుపులు టకటకా తెరుచుకున్నాయి. రాజుగారు వద్దనడమేంటే? ఏం వాగావే కోటలో? రాణిగారేమందే? అని ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ వచ్చారు. చెబుతానక్కా, చెయ్యి ఇలా పెట్టు అంది వరహాలు. దివాను గుసగుస ఎలా ఉందో చెప్పింది, చెయ్యి నిండింది. గారెలకి కాళ్ళొచ్చిన సంగతి చెప్పింది, ఇంకో చెయ్యి నిండింది. రాజుగారు మంచం మీంచి పడ్డ చోటికొచ్చేసరికి వీధి వీధంతా ఘల్లుఘల్లుమంటూ పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వుతోంది. ఒకసారి విన్నవాళ్ళు అక్కచెల్లెళ్ళని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చారు, ఉన్న గాజులు చాలవన్నట్టు.

అటు తరవాత? గవర్రాజు కొట్టుకేం లోటు లేదు. గాజులెక్కని చేతులవాళ్ళు వస్తే, అమ్మా, ఇది నా వల్లకాదు, వరహాలు దగ్గరికి వెళ్ళండి అని ఆయనే పంపేవాడు. రాణిగారు ఆ గాజులతోనే తమ్ముడి పెళ్ళికి వెళ్ళింది, దూదేమో రాజుగారు చెవుల్లో పెట్టుకుని ఆవిడ వెనకాలే వెళ్ళాడు. మళ్ళీ కోటనించి కబురొచ్చింది, కాస్త తగ్గించి మాట్లాడితే ఉద్యోగమిస్తామని. వరహాలు దణ్ణం పెట్టి, నేను ఊళ్ళో తిరిగే మనిషినండీ, కోట వీధికొచ్చినప్పుడు కేకేస్తాను, రాణిగారిని గుమ్మంలోకి రమ్మనండి అని చెప్పి పంపింది.

చూశారా? ఎవరైనా మిమ్మల్ని వద్దన్నారనుకోండి. ఆ ఒక్క మాటా పట్టుకుని ఏడుస్తూ కూర్చోకండి. ముందూ వెనకా ఇంకేమన్నారో కాస్త గుర్తు చేసుకోండి. మీలో ఏముందో ఒక్కోసారి మీకంటే ముందు వాళ్ళకే కనపడుతుంది.

సూరమ్మా? ఉండు లల్లీ, అదే చెబుతున్నా. ఆ సాయంత్రం జనమంతా వెళ్ళిపోయాక సూరమ్మ అరుగు మీదకొచ్చి, మొహం అటు తిప్పుకుని, చెయ్యి మాత్రం ఇటు చాపింది. “ఆ ఆకుపచ్చవి ఉన్నాయా? సరే, తొడుగు. ఊరికే తొడక్కు. ఆ రాణి నాయనమ్మ ఏమందో మొదటినించీ చెప్పు” అంది.

వరహాలు చెప్పింది. సూరమ్మ నవ్వింది. గాజులు ఎక్కాయి.

కథ కంచి దారి పట్టింది. మీరు దిండు దారి పట్టండి.